ఎర్రదానికి హడలి, నల్లదాన్ని నమ్మి

కార్తీకమాసం, తెల్లవారి అయిదున్నర. పెరట్లో గోడవార నిలబడి, కింద పడుతున్నదాని రంగు చూసి నేను పెట్టిన కేకకి మా ఆవిడ పాలగరిటె చేతిలో ఉండగానే పరిగెత్తుకొచ్చింది. పక్కింటి కుక్క అందుకుంది. "నెత్తురు పోతోందే!" అన్నాను. లైటు వెలుతురులో గచ్చు మీద పల్చటి గులాబీరంగు.

ఆవిడ గచ్చు వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసింది. "రాత్రి తిన్న బీట్‌రూటండీ అది. మూడు దుంపల కూరా మీరొక్కరే తినేశారు" అని, పాలు పొంగిపోతాయని లోపలికెళ్ళిపోయింది.

ఆవిడ చెప్పిందే నిజం. బీట్‌రూట్ రంగు కొంతమందికి ఒంట్లో విరగకుండా అలాగే మూత్రంలో వచ్చేస్తుంది. ఇనుము తక్కువైన ఒంట్లో అది మరికాస్త ఎక్కువగా వస్తుందని తరవాత తెలిసింది. దానివల్ల ఏ ప్రమాదమూ లేదు. ఆ ఎరుపుకి జడిసి ఆ పూట తోటకి కూడా వెళ్ళలేదు నేను. అదే రోజుల్లో, అదే పెరట్లో, మరుగుదొడ్డి తలుపేసుకుని రోజూ చూస్తున్న నలుపుని చూసి మాత్రం "మందు పనిచేస్తోంది" అని సంతోషపడ్డాను. నా తెలివితక్కువతనం మొత్తం ఈ రెండు రంగుల మధ్యే ఉంది. కాకపోతే ఒక్క రోజులో చేసింది కాదు, ఆరేడు నెలలు ఓపిగ్గా చేశాను.

నేను ఇంటర్లో బైపీసీ చదివాను. కొంప ముంచింది అదే. డాక్టరు సీటు కోసం రెండుసార్లు పరీక్ష రాసి, రెండుసార్లూ తిరిగొచ్చి, అశ్వారావుపేట పక్కన మా నాన్న ఉంచిన ఆరెకరాల్లో జీడిమామిడి తీసేసి పామాయిల్ వేసుకున్నాను. డాక్టరునైతే కాలేదు గానీ ఆ రెండేళ్ళ చదువు అరక్కుండా కడుపులో అలాగే ఉండిపోయింది. ఎవరికి జ్వరమొచ్చినా నేనొక మాట అనాలి. ఆదివారం పేపర్లో ఆరోగ్యం పేజీ వస్తే కత్తిరించి దాచాలి. చుట్టుపక్కల నాలుగిళ్ళవాళ్ళు మందుచీటీ తెచ్చి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని "ఊఁ" అనాలి.

ఇంత తెలిసినవాణ్ణి కదా, మోకాళ్ళ నొప్పికి డాక్టరు దగ్గరికెందుకెళ్తాను? మందులకొట్లో అడిగి డైక్లోఫెనాక్ తెచ్చుకున్నాను. పొద్దున్నే తోటకి వెళ్ళేముందు ఒకటి, బాగా సలిపితే సాయంత్రం ఇంకొకటి. అదీ పరగడుపున. పసరు మందులు పరగడుపునే తాగుతారు కదా, ఇదీ అలాగే బాగా ఎక్కుతుందని నా లెక్క. ఆ బిళ్ళ నొప్పినే కాదు, కడుపు లోపలి పొరని కాపాడే సరుకుని కూడా ఆపేస్తుందనీ, దాన్ని రోజూ వేసుకుంటే ఆ పొర పుండు పడొచ్చనీ నా బైపీసీలో లేదు.

వానాకాలం వచ్చేసరికి నీరసం మొదలైంది. తోట ఈ చివర నుంచి ఆ చివరకి నడిస్తే ఆయాసం. రాత్రి పడుకుంటే చెవిలో ఎవరో దంచుతున్నట్టు గుండె చప్పుడు. ఇంకొకటి కూడా మొదలైంది, చెప్పుకోడానికి సిగ్గేసేది. బియ్యం తినబుద్ధయ్యేది. అన్నం కాదు, పచ్చి బియ్యం. గాదెగదిలోకి దొంగలా వెళ్ళి, డబ్బా మూత చప్పుడు కాకుండా తీసి, గుప్పెడు నోట్లో పోసుకుని కరకరా నమిలేవాణ్ణి.

ఇక్కడ పాతికేళ్ళు వెనక్కి వెళ్ళాలి. మా ఆవిడకి రెండో కాన్పయిన దగ్గర్నుంచీ ఆ అలవాటుంది. చేటలో బియ్యం చెరుగుతూ నాలుగు గింజలు, ఎసట్లో పోస్తూ నాలుగు గింజలు. "ఏమే, పచ్చి బియ్యం తింటే పెళ్ళికి వాన పడుతుందంటారు, నీ పెళ్ళెప్పుడో అయిపోయిందిగా, ఇంకెవరి పెళ్ళి చెడగొడతావు?" అని వచ్చినవాళ్ళ ముందు ఎన్నిసార్లు నవ్వించానో. ఆవిడా నవ్వేది. బియ్యం, బలపాలు, మట్టి, ఐసుముక్కలు నమలాలనిపించడం చాలామందిలో ఒంట్లో ఇనుము అడుగంటిందనడానికి గుర్తు. పాతికేళ్ళు నా కళ్ళముందు నా పెళ్ళాం ఒళ్ళు ఫలానాది లేదు మొర్రో అని కరకరలాడుతుంటే నేను దాన్ని హాస్యానికి వాడుకున్నాను.

అదే జబ్బు నాకొస్తే మాత్రం వెంటనే రక్తపరీక్ష. కాన్పుకి వచ్చిన మా అమ్మాయి ఒకరోజు గాదెగదిలో నన్ను పట్టేసుకుంది, బుగ్గ నిండా బియ్యంతో. "నాన్నా, పెళ్ళికి వాన పడుద్ది" అని నవ్వి, మర్నాడు బలవంతాన ల్యాబుకి పంపింది. 8.6 వచ్చింది.

మా ఊళ్ళో దీన్ని పాయింట్లంటారు. "రక్తం ఎనిమిది పాయింట్లుందంట" అంటారు. అసలు లెక్క వంద మిల్లీలీటర్ల నెత్తురులో ఎన్ని గ్రాముల హిమోగ్లోబిన్ ఉందన్నది. మగవాళ్ళకి 13, ఆడవాళ్ళకి 12, గర్భిణులకి 11 కంటే తగ్గితే రక్తహీనత కింద లెక్క. పామాయిల్ రైతుకి ఇది విప్పి చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీలో మా గెలకి ధర కట్టేది ఒట్టి బరువుని చూసి కాదు, నూనె ఎంత శాతం వస్తుందన్నదాన్ని బట్టి కదా. నెత్తురుకి హిమోగ్లోబిన్ అలాంటిది. ఎర్రకణం ఒట్టి గెల. ఒక్కో కణంలో దాదాపు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు, ఒక్కో అణువులో నాలుగు ఇనుప పరమాణువులు, ఒక్కోదానికి ఒక ప్రాణవాయువు అణువు. ఊపిరితిత్తుల్లో ఎక్కించుకుని కాలివేలి కొసదాకా మోసుకెళ్ళి దింపి రావడం దాని పని. నాలో మోసేవాళ్ళు మూడో వంతు తగ్గిపోయారు. అందుకే తోట పొడుగైంది.

ఇంతవరకు నాకూ అర్థమైంది. ఇనుము తక్కువైంది, ఇనుము వెయ్యాలి, అంతే కదా! ఎందుకు తక్కువైందన్న ప్రశ్న వేసుకోలేదు. ట్యాంకు ఖాళీగా ఉందని చూసి మోటారు వేశాను గానీ అడుగున చిల్లు ఉందేమోనని తడిమి చూడలేదు.

అప్పుడు మొదలైంది ఎర్రటి ఆహారాల యజ్ఞం. బీట్‌రూట్, దానిమ్మ, క్యారెట్, టమాటా, ఎర్ర అరటిపండు. నెత్తురు ఎర్రగా ఉంటుంది కాబట్టి ఎర్రగా ఉన్నవన్నీ నెత్తురు పట్టిస్తాయని. ఆ లెక్కన మా పామాయిల్ పండే అందరికంటే ముందుండాలి! పావుకిలో బీట్‌రూట్‌లో ఉండే ఇనుము మహా ఉంటే రెండు మిల్లీగ్రాములు, అందులో ఒంటికి పట్టేది పదో వంతు. దానికంటే ఆదివారం మటన్ కొట్టు దగ్గర దొరికే కార్జం ముక్క ఎన్నో రెట్లు నయం. అది గోధుమరంగులో ఉంటుందని నేను దాని జోలికి పోలేదు.

మా అమ్మాయికి న్యూట్రిషన్ కిట్ వచ్చింది. 2022 డిసెంబర్లో తెలంగాణలో రక్తహీనత ఎక్కువున్న 9 జిల్లాల్లో గర్భిణుల కోసం మొదలుపెట్టిన కిట్, మా భద్రాద్రి కొత్తగూడెం అందులో ఒకటి. హార్లిక్స్, కిలో ఖర్జూరం, నెయ్యి, మూడు సీసాల ఐరన్ సిరప్, నులిపురుగుల బిళ్ళ. ఒప్పుకుంటున్నాను, అందులో ఖర్జూరం ముప్పాతిక భాగం తిన్నది నేనే. సిరప్ కూడా ఒక సీసా మాయమైంది. నిండు గర్భిణి నోటి దగ్గరి కూడు తిన్న తాతని ఇంకెక్కడైనా చూశారా? ఆ తరవాత సిగ్గొచ్చి మందులకొట్లో ఐరన్ బిళ్ళలు కొనుక్కున్నాను. వేసుకోవడం ఎలా? సెంటర్లో హోటలు బల్ల మీద కూచుని, బిళ్ళ నోట్లో వేసుకుని, దాని మీద స్ట్రాంగ్ టీ. టీలోని వగరు ఇనుముని పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. నిమ్మరసమో ఉసిరికాయో అయితే అందిస్తుంది. అంటే నేను ఇనుము కొని, దానికి కాపలాగా టీని కూడా కొని లోపలికి పంపేవాణ్ణి.

విరోచనం నల్లగా వచ్చింది. ఐరన్ బిళ్ళ వేసుకుంటే అలాగే వస్తుందని బిళ్ళల డబ్బా మీద కాగితంలోనే ఉంది. చదివాను, గర్వపడ్డాను. "చూశావా, ఒంట్లో కలుస్తోంది" అని ఆవిడతో అన్నాను కూడా. ఆవిడ ముక్కు మూసుకుని, "వాసనేంటండీ మరి అలా?" అంది. ఇనుము వాసనన్నాను.

ఇక రెండో తప్పు. దీన్ని హాస్యంగా రాయలేను.

తోటలో గెలలు కోయడానికి ఒక కోయ కుర్రాణ్ణి నెలజీతం మీద పెట్టుకున్నాను. ఇరవై రెండేళ్ళుంటాయి. పేరు రాయొద్దన్నాడు. "పిల్లనిచ్చేవాళ్ళు భయపడతారండి" అన్నాడు. పొడవాటి గెడకి కొడవలి బిగించి, తలెత్తి, ఒక్క లాగులో మట్ట తెంపి, రెండో లాగులో గెల దింపేవాడు. పాతిక కిలోల గెల దబ్బున పడేది. పని వచ్చినవాడే. కానీ చలి ముదిరితే రాడు. రెండ్రోజులొస్తే మూడ్రోజులు రాడు. అడిగితే "కీళ్ళండి, ముళ్ళు పెట్టి తిప్పినట్టుంటదండి" అనేవాడు. కళ్ళు పచ్చగా ఉండేవి. కామెర్లన్నాను, ఫలానా ఊళ్ళో పసరు పోస్తారు వెళ్ళమన్నాను. వెళ్ళొచ్చాడు పాపం. మళ్ళీ పచ్చగానే ఉన్నాయి. తాగుతున్నాడనుకున్నాను. బద్ధకమనుకున్నాను. రాని రోజులకి జీతం కోశాను.

పైగా దయ కూడా చూపించాను. నాకు 8.6 వచ్చిన వారం, వాడి మొహం పాలిపోయి ఉందని, నా ఐరన్ బిళ్ళల అట్ట సగం చించి ఇచ్చాను. "రోజుకొకటి వేసుకో, పట్టుద్ది."

వాడు తీసుకోలేదు. చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి ఒక కార్డు తీసి చూపించాడు. ఊళ్ళో క్యాంపు పెట్టి వేలికొస నెత్తురు తీసి, తరవాత పెద్ద పరీక్షకి పంపి ఇచ్చిన కార్డు. 2023 జూలై 1న మొదలైన సికిల్ సెల్ మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో చేస్తున్న పరీక్షలు. "నాకు ఐరన్ వద్దన్నారండి. ఫోలిక్ యాసిడ్ రోజూ వేసుకోమన్నారు. నీళ్ళు బాగా తాగమన్నారు, చలిలో తిరగొద్దన్నారు, బరువులెత్తొద్దన్నారు."

నేను చేయిస్తున్న పనికి ఆ మూడూ నిలువునా అడ్డం. చలిలో, నీళ్ళసీసా లేకుండా, బరువు.

వాడి హిమోగ్లోబిన్‌లో ఇనుముకి లోటు లేదు. తయారీలోనే తేడా. హిమోగ్లోబిన్ గొలుసుల్లో ఒక రకంలో ఆరో స్థానంలో ఉండాల్సిన గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలిన్ ఉంటుంది, అంతే. 146 పూసల దండలో ఒక్క పూస మారడం. 1949లో లైనస్ పౌలింగ్ బృందం ఈ హిమోగ్లోబిన్ వేరని పట్టుకుంది. తరవాత ఏడెనిమిదేళ్ళకి వెర్నాన్ ఇంగ్రామ్ మారిన పూస ఏదో తేల్చాడు. ఆ ఒక్క పూస వల్ల ప్రాణవాయువు దించేశాక హిమోగ్లోబిన్లు ఒకదానికొకటి అతుక్కుని కడ్డీలవుతాయి, గుండ్రటి కణం వంగి కొడవలవుతుంది. సన్నటి నాళాల్లో చిక్కుకుంటుంది. ఆ చిక్కుకోవడమే ముళ్ళు పెట్టి తిప్పడం. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే ఇది పది, ఇరవై రోజుల్లో చితికిపోతుంది. చితికిన నెత్తురు రంగే కళ్ళలో పచ్చన. పసరుకి అందేది కాదు. ఇనుము ఒంట్లోనే ఉంటుంది, తిరిగి వాడుకుంటుంది. రక్తం పదేపదే ఎక్కించుకున్నవాళ్ళకైతే అది పేరుకుపోయి గుండెకీ కాలేయానికీ చేటు చేస్తుంది. నేను దానం చెయ్యబోయింది అది.

గెడకి ఒక కొడవలి, ఒంట్లో లెక్కలేనన్ని కొడవళ్ళు. ఈ మాట నాకు తట్టినప్పుడు బాగుందనుకున్నాను. వాడికి చెప్పలేదు.

చెప్పింది వేరేది. పరువు కాపాడుకోవాలి కదా, "ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది ఎవరనుకున్నావు, మన పక్కనే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు" అని ఉపన్యాసం ఎత్తుకున్నాను. 1895లో పుట్టారు, తరవాత అమెరికా వెళ్ళారు, లెడర్లే కంపెనీలో ఆయన నడిపిన బృందమే 1945లో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. దానికి ముందే బొంబాయిలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ గర్భిణుల్లో ఇనుముకి లొంగని రక్తహీనతని ఈస్టు సారంతో నయం చేసింది. ఆ సారంలో ఉన్న గుణం ఇదే. చితికిపోయిన కణాల స్థానంలో కొత్తవి గబగబా పుట్టాలంటే ఇది కావాలి. వాడు శ్రద్ధగా విని, "ఆయనకి కూడా సికిల్ సెల్లా అండీ?" అన్నాడు. కాదు, స్ప్రూ అనే కడుపు జబ్బు, తిన్నది ఒంటికి పట్టదు, వాళ్ళన్నని తీసుకుపోయింది, ఈయన్ని ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేదం నిలబెట్టింది అని చెప్పాను. "అయితే ఆయనకి తెలుసండి" అన్నాడు. ఏం తెలుసో చెప్పలేదు, నేనూ అడగలేదు.

మా అడవిలోనే సికిల్ సెల్ ఎందుకు ఎక్కువన్నదానికి కూడా కారణముంది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే ఈ పూస వచ్చినవాళ్ళని మలేరియా అంత తేలిగ్గా చంపలేదు. ఆంథనీ ఆలిసన్ 1954లో ఆఫ్రికాలో చూపించాడు. తరతరాల మలేరియా ఉన్న చాలా చోట్ల ఈ పూస నిలబడిపోయింది. భద్రాచలం ఏజెన్సీ మలేరియా గురించి మా తాతల్నడిగితే చెబుతారు. ఒక పూస కవచం, రెండు పూసలైతే కత్తి. ఇద్దరూ ఒక్కో పూస ఉన్నవాళ్ళే పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. అందుకే కార్డు. పేరు రాయొద్దన్నదీ అందుకే.

ఆ రోజు నుంచి వాడికి బరువు పని తగ్గించానని రాయాలనుంది. తగ్గించలేదు. సంక్రాంతి దాకా ఆగాను, మనిషి దొరకలేదని.

భోగి రోజు నలుగురం బళ్ళేసుకుని సరిహద్దు దాటి ఆంధ్రా వైపు కోడిపందేలు చూడ్డానికి వెళ్ళాం. జనం, దుమ్ము, మైకు. పొద్దున్నే పరగడుపున నొప్పి బిళ్ళ వేసుకునే బయల్దేరాను, నిలబడాలి కదా. రెండో పందెం మధ్యలో కళ్ళు చీకట్లు కమ్మాయి. కిందపడ్డాను. చుట్టూ ఉన్నవాళ్ళు తాగి పడ్డాడనుకుని నా మీదుగా దాటుకుని ముందుకెళ్ళి పందెం చూశారు. వాళ్ళని తప్పుపట్టను. ఏడాది కిందట నేనైతే అదే చేసేవాణ్ణి, చేశాను కూడా, వేరేవాళ్ళ విషయంలో.

మా తోట కుర్రాడు కూడా వచ్చాడక్కడికి, వాళ్ళవాళ్ళతో. అతనే నన్ను చూసి, పక్కన కూచుని, బొటనవేలితో నా కంటి కింది రెప్ప కిందికి లాగి చూశాడు. "తాగలేదండి, రక్తం లేదు. తెల్లగా ఉందండి" అని అరిచాడు. చిన్నప్పట్నుంచీ ఎంతమంది డాక్టర్లు అతని రెప్ప అలా లాగి చూసుంటారో. బైపీసీ చదివిన నేను ఆరు నెలలు అద్దంలో మీసం దువ్వుకున్నాను గానీ రెప్ప లాగి చూసుకోలేదు.

ఖమ్మంలో ఒక ఆస్పత్రి. హిమోగ్లోబిన్ 6.4. డాక్టరమ్మ మా అమ్మాయి వయసుది. మూడే ప్రశ్నలడిగింది. "నొప్పి బిళ్ళలు వాడతారా?" వాడతాను. "విరోచనం ఏ రంగు?" నలుపు, ఐరన్ బిళ్ళల వల్ల, కాగితం మీద కూడా ఉంది మేడమ్ అని చెప్పాను, నాకు తెలుసని తెలియాలి కదా. "ఐరన్ మొదలుపెట్టకముందు ఏ రంగు?"

నోరు పెగల్లేదు. మా ఆవిడ చెప్పింది. "అంతకు ముందు నుంచే నలుపేనండి. తారులా, జిగటగా. వాసన." ఎలా తెలుసంటారా, నీళ్ళు సరిగ్గా పోయని మగవాణ్ణి కట్టుకున్న ఆడదానికి తెలీనిదేముంటుంది.

గొట్టం వేసి చూశారు. కడుపులో పుండు. అందులోంచి నెలల తరబడి నెత్తురు ఊరుతోంది. నాకు ఇంకా నమ్మకం కలగలేదు. నెత్తురైతే ఎర్రగా ఉండాలి కదా అన్నాను. డాక్టరమ్మ కడుపులోని యాసిడ్ గురించి చెప్పబోతుంటే మా ఆవిడ అడ్డమొచ్చింది. "నల్ల వండటం చూళ్ళేదా మీరు? ఎర్రగా తెస్తాం, పొయ్యి మీద పెడితే నల్లగా అవదూ?" మేక నెత్తురు వేపుణ్ణి మావైపు నల్ల అంటారు. పేరులోనే ఉంది. ముప్పై ఏళ్ళుగా తింటున్నాను, రంగు మారడం పొయ్యి దగ్గర నిలబడి ఒక్కసారి కూడా చూళ్ళేదు.

మంచం మీద పడుకుని లెక్క వేసుకున్నాను. ఒంట్లో ఇనుమంతా కలిపితే మూడు నాలుగు గ్రాములు, ఒక చిన్న మేకు. అందులో మూడింట రెండు వంతులు హిమోగ్లోబిన్‌లోనే. రోజూ తిండిలోంచి పట్టేది ఒకటి రెండు మిల్లీగ్రాములు. మామూలుగా పోయేదీ అంతే, సరికి సరి. ఒక మిల్లీలీటరు నెత్తురు పోతే అర మిల్లీగ్రాము ఇనుము పోయినట్టు. రోజుకి రెండు చెంచాల నెత్తురు కారితే అయిదు మిల్లీగ్రాములు. వచ్చేది రెండు, పోయేది అయిదు. ఖర్జూరం బస్తా తిన్నా పూడదు. మగవాడికి, అందులోనూ యాభై దాటినవాడికి ఇనుము తగ్గిందంటే ముందు నెత్తురు ఎక్కడ పోతోందో వెతకాలట. అది పుండే కానక్కర్లేదు, మొలలు కావచ్చు, పేగులో గడ్డ కావచ్చు. టానిక్కుతో అంకె కాస్త పైకి లేపి కూచుంటే ఆ గడ్డకి టైమిచ్చినట్టు. నాది పుండే అవడం నా తెలివి కాదు.

రెండు యూనిట్ల రక్తం ఎక్కించాలన్నారు. ఒక్కో యూనిట్‌కి దాదాపు ఒక పాయింటు పెరుగుతుంది. రక్తం ఇచ్చారు గానీ బదులుగా మనవాళ్ళెవరైనా ఇస్తే మంచిదన్నారు. పందేలకి వచ్చిన ముగ్గురు స్నేహితుల్లో ఒకడికి షుగరు గుర్తొచ్చింది, ఒకడికి బండి గుర్తొచ్చింది, మూడోవాడు ఫోనెత్తలేదు. కుర్రాడు బయట వరండాలో నిలబడి, "నాది పనికిరాదండి, లేకపోతే ఇచ్చేవాణ్ణి" అన్నాడు. మా ఆవిడ కొంగు బిగించి "నేనిస్తా" అంది.

రక్తం ఇవ్వాలంటే 12.5 ఉండాలి. అక్కడ పెట్టిన చిన్న గాజు పాత్రలో నీలం నీళ్ళు, మైలతుత్తం కలిపినవి. వేలు పొడిచి ఒక చుక్క అందులో వదులుతారు. నెత్తురు చిక్కగా ఉంటే చుక్క మునుగుతుంది, పల్చగా ఉంటే తేలుతుంది. చక్రాల కుర్చీలో కూచుని చూస్తున్నాను. ఆవిడ వేలిచుక్క నీలం మీద పడి, కాస్త కిందికి దిగి, ఆలోచించుకున్నట్టు ఆగి, పైకి లేచి అక్కడే ఉండిపోయింది. ఎర్రపూసలా. ఇంకో చుక్క వేశారు. అదీ తేలింది.

మిషన్‌తో చూస్తే 7.9.

నాకంటే ఒకటిన్నర పాయింటు ఎక్కువ. నేను కిందపడ్డాను. ఆవిడ పొద్దున నాలుగున్నరకి లేచి, భోగిమంట పెట్టి, ముగ్గేసి, పిండివంటలు చేసి, బాలింత కూతురికి నీళ్ళు పోసి, నన్ను అంబులెన్సులో పట్టుకుని ఖమ్మం దాకా వచ్చింది. ఎప్పట్నుంచి అలా ఉందో ఎవరికీ తెలీదు, ఒళ్ళు ఆ లోటుకే అలవాటుపడిపోయింది. "ఆడవాళ్ళకి ఇది మామూలేనండి" అంది అక్కడి నర్సు, బాధగానే. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉందని 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. మగవాళ్ళలో నూటికి పదిహేను. ఆ అంకె నేను కత్తిరించి దాచుకున్న ఆదివారం పేపర్లోనే ఉంది. ఇంటికొచ్చాక వెతికితే దొరికింది. దాని వెనకవైపు బీట్‌రూట్ హల్వా తయారీ.

ఆవిడకి ఇనుము పోయింది పుండు వల్ల కాదు. ఏళ్ళ తరబడి నెలనెలా ఎక్కువగా పోయిన నెత్తురు, రెండు కాన్పులు, అందరూ తిన్నాక మిగిలింది తినడం, చెప్పుల్లేకుండా తోటలో తిరిగి అరికాళ్ళలోంచి ఎక్కించుకున్న నులిపురుగులు. డాక్టరమ్మ ఇద్దరికీ రాసింది. నాకు నొప్పి బిళ్ళ బంద్, పుండు మానే మందు, తరవాత ఇనుము. ఆవిడకి ముందు నులిపురుగుల బిళ్ళ, తరవాత ఇనుము. ఇద్దరికీ నిమ్మకాయ నీళ్ళతో, టీకి గంట ఎడం. అంకె పెరిగిందని ఆపెయ్యకుండా ఇంకో మూడు నెలలు, ఖాళీ అయిన గాదె నిండేదాకా.

ఫిబ్రవరిలో కుర్రాణ్ణి పిలిచాను. గెడ పని తీసేసి, రాలిన పండ్లు ఏరించడం, ఫ్యాక్టరీకి వెళ్ళే బండి లెక్క చూడ్డం అప్పజెప్పాను, జీతం అదే. చలికాలంలో కోసిన పదకొండు రోజుల జీతం, రోజుకి అయిదు వందల లెక్కన, కవర్లో పెట్టి ఇచ్చాను. క్షమించమని ఎలా అడగాలో తెలీలేదు, "ఇది నీదే" అన్నాను.

అతను కవరు విప్పి, అక్కడే నిలబడి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. మూడు అయిదు వందల నోట్లు తీసి నా చేతిలో పెట్టాడు.

"మూడు రోజులు నొప్పి లేదండి. మా మేనమామ కూతురి పెళ్ళికి పోయా."